ముద్దనూరు కనుమలో రెండో గేరు

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు, ఎండలు ముదరకముందే నన్ను కడప జిల్లాకు మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా బదిలీ చేశారు. అంతకుముందు నా ఉద్యోగమంతా తెనాలి, బందరు వైపు గడిచింది. అక్కడ నేల చదును. కాలవ వంతెన ఎక్కి దిగడమే మా బళ్ళకు పెద్ద పరీక్ష. కడప జిల్లాలో కొండ దిగి వచ్చిన లారీ పక్కన నిలబడితే బ్రేకు లైనర్లు మాడిన వాసన వస్తుంది. చేరిన కొద్ది రోజుల్లోనే ఆ వాసన నా చొక్కాలకు పట్టింది.

జనం మమ్మల్ని బ్రేకు ఇన్‌స్పెక్టర్లు అంటారు. అందులో కొంత వెటకారం ఉన్నా అబద్ధం లేదు. బళ్ళకు ఏటా ఇచ్చే ఎఫ్‌సీ, అంటే రోడ్డు మీద తిరగడానికి తగి ఉందన్న పత్రం, మా సంతకంతోనే వస్తుంది. డ్రైవర్లకు పరీక్ష పెట్టేదీ మేమే. వీటితో పాటు బయటివాళ్ళకు అంతగా తెలియని పని ఒకటుంది. ఒక బండిలో ఉన్న ఇంజను తీసి వేరే రకం ఇంజను పెట్టాలంటే యజమాని ముందుగా దరఖాస్తు పెట్టుకోవాలి. ఇన్‌స్పెక్టరు వెళ్ళి చూసి, నడిపించి చూసి, సరేనని రాస్తేనే ప్రాంతీయ రవాణా అధికారి ఆ మార్పును రిజిస్ట్రేషన్ పుస్తకంలో ఎక్కిస్తాడు. అంతవరకు అది రోడ్డెక్కకూడని బండి. నేను చెప్పబోయేది అలాంటి ఒక దరఖాస్తు సంగతి.

నా ఆఫీసు కడపలో. ప్రొద్దుటూరులో క్యాంపు పెట్టేవాడిని. ఒక క్యాంపు రోజున తిమ్మారెడ్డి అనే ఆయన వచ్చి కలిశాడు. యాభై దాటిన మనిషి, తెల్లటి పంచె, చేతిలో వెదురుకట్టె. పులివెందుల దగ్గర కొండల్లో ముగ్గురాయి, అంటే బెరైటీస్, గనిని లీజుకు తీసుకుని నడుపుతున్నాడు. చేతిలోది ఊతకర్ర అనుకున్నాను. కాదు. దానికి కత్తితో గాట్లు పెట్టి ఉన్నాయి. తన లారీ ట్యాంకులో ముంచి, తడి ఏ గాటు దాకా ఉందో చూసి, డ్రైవరు ఎంత డీజిలు తగలేశాడో తేల్చే కట్టె అది. ఆయన ఎక్కడికి వెళ్ళినా ఆ కట్టె వెంట ఉండేది.

ఆయన దగ్గర యుద్ధానికి ముందు కొన్న అమెరికా పికప్ బండి ఒకటి ఉంది. ముందు ముగ్గురు కూర్చునే క్యాబిన్, వెనక పైకప్పు లేని తొట్టి. యుద్ధకాలంలో పెట్రోలు దొరక్క దానికి బొగ్గుల పొయ్యి బిగించి, ఆ గ్యాసుతో నడిపారు. ఆ బూడిద లోపలికి పోయి సిలిండర్లను అరగదీసింది. తర్వాత పశువుల పాకలో పడేశారు. కోళ్ళు గుడ్లు పెట్టుకోవడానికి తప్ప పనికిరాకుండా పోయిన ఆ బండిని ఇప్పుడు బాగుచేయించి రోడ్డెక్కించాలట. ఎందుకని అడిగాను. ఆయన కట్టెతో పక్కనున్న మనిషిని చూపించాడు.

పక్కనున్నది ఖాదర్‌వలి. ప్రొద్దుటూరులో లారీలు బాగుచేసే షెడ్డులో మేస్త్రి. ముప్పై దాటి ఉండవు. అతని అన్న మస్తాన్ తిమ్మారెడ్డి గనిలో రాయి తొలిచేవాడు. ఆ చలికాలంలో గోతి అంచు విరిగి మీద పడింది. విరిగిన ఎముకలకు ఆ వైపు జనం నమ్మేది జమ్మలమడుగు పెద్దాసుపత్రిని. బస్సు లేని వేళ కావడంతో మస్తాన్‌ను ఎద్దులబండిలో వేసుకుని బయలుదేరారు. ముద్దనూరు చేరేసరికి ప్రాణం పోయింది. మర్నాటి నుంచి కూలీలు గనిలోకి దిగడం మానేశారు. గోతి దగ్గర ఎప్పుడూ ఒక మోటారు బండి నిలిచి ఉంటేనే పనిలోకి వస్తామన్నారు. తిమ్మారెడ్డి ఒప్పుకున్నాడు. పిసినారే గానీ మాట మీద నిలబడే మనిషి. అప్పటికి రెండు నెలలుగా గని ఆగి ఉంది. కూలీల ఇళ్ళలో పొయ్యి ఒకపూట వెలిగితే గొప్ప. ఆకలి ఇంకాస్త ముదిరితే బండి లేకుండానే వాళ్ళు గోతిలోకి దిగుతారని అందరికీ తెలుసు.

ఇక ఏ ఇంజను పెట్టాలన్నది ప్రశ్న. షెడ్డులో బండి ముందు నిలబడి ముగ్గురం చాలాసేపు వాదించుకున్నాం.

ఒక దారి, పాత పెట్రోలు ఇంజనునే మద్రాసు పంపి సిలిండర్లు తొలిపించి, పెద్ద సైజు పిస్టన్లు వేయించడం. దాని వెనక బండితో పాటు వచ్చిన మూడు గేర్ల బాక్సు బాగానే ఉంది. రెండో దారి, తిమ్మారెడ్డి పాత లారీ ఒకటి బోల్తాపడి పనికిరాకుండా పోతే దానిలోంచి తీసిన డీజిల్ ఇంజను, దాని నాలుగు గేర్ల బాక్సు.

"పెట్రోలు పోసి తిప్పేదానికి నేనేమన్నా జమీందారునా సారూ? లారీ ఇంజను రేకుల కింద ఉత్తగా పడుండాది. దాన్నే ఎత్తి దీంట్లో పెట్టమంటాండా" అన్నాడు తిమ్మారెడ్డి.

ఖర్చు కోసం ఆయన డీజిల్ వైపు ఉంటే, ఖాదర్ వేరే కారణంతో అదే వైపు ఉన్నాడు. ఆ కాలపు పెట్రోలు ఇంజన్లకు మండే ఎండలో ఎత్తు ఎక్కుతుంటే గొట్టంలోనే పెట్రోలు ఆవిరై సరఫరా ఆగిపోయే జబ్బు ఉండేది. తడిగుడ్డ చుట్టి, చల్లారేదాకా కూర్చోవాలి.

"మా అన్న మాదిరి ఇంగొకన్ని తొట్లో పండేసుకొని పోతాంటే, కనుమ మధ్యలో బండి నిలబడిపాయనా? ఎండలో యాడ దాచి పెట్టుకోవాల సారూ వాన్ని? దోవలో నిలబడే బండికంటే ఎద్దులే మేలు" అన్నాడు.

నాకు డీజిల్ ఇంజను మీద అనుమానం లేదు. దాని వెనకనున్న గేరుబాక్సు మీద ఉంది. పికప్‌లోని పాత బాక్సులో పై రెండు గేర్లకు సింక్రోమెష్ ఉంది. అంటే గేరు మార్చేటప్పుడు లోపలి చక్రాల వేగాలు వాటంతట అవే సరిపోయి పళ్ళు మెత్తగా కలుస్తాయి. లారీ బాక్సులో అది లేదు. పై గేరులోంచి కిందికి రావాలంటే క్లచ్ తొక్కి గేరు తీసి, క్లచ్ వదిలి, ఇంజను వేగం పెంచి, మళ్ళీ క్లచ్ తొక్కి వేయాలి. చదును నేల మీద చెయ్యి తిరిగిన డ్రైవరు ఇది నిద్రలో కూడా చేస్తాడు. దిగుడులో బండి వేగం ఎత్తుకున్నాక చేయడం వేరు. ఒకసారి గేరు బయటికి వస్తే మళ్ళీ లోపలికి పోదు.

పాత బాక్సునే డీజిల్‌కు తగిలించకూడదా అని అడిగాను. ఆ గుంజుడుకు దాని పళ్ళు నిలవవని ఖాదర్ అన్నాడు. నేనూ అదే అనుకున్నాను. కాబట్టి జత విడదీయడానికి లేదు. పైగా డీజిల్ బరువుకు బండి ముందుభాగం కుంగుతుంది. బ్రేకులేమో నూనె ఒత్తిడితో పనిచేసేవి కావు, పాతకాలపు ఇనుప కడ్డీలతో లాగేవి. కడప జిల్లాలో బండి కొండ దిగేది బ్రేకు మీద కాదు, గేరు మీద.

ఇక్కడ ఆ ప్రాంతపు డ్రైవర్ల అలవాటు ఒకటి చెప్పాలి. దిగుడు రాగానే వాళ్ళు గేరు తీసేస్తారు. బండి తన బరువుతోనే జారుతుంది, ఇంజను ఊరికే తిరుగుతుంది, వాళ్ళు ఆయిలు అనే డీజిలు మిగులుతుంది. ఏ యజమానీ ఇలా చేయమని నోరు తెరిచి చెప్పడు. కట్టె చెబుతుంది. ప్రయాణం ముగిశాక డ్రైవరు కళ్ళముందే కట్టె ట్యాంకులో మునుగుతుంది. తడి పై గాటు దగ్గర ఆగితే యజమాని తలాడిస్తాడు, కింది గాటుకు పడితే అరుస్తాడు. తిమ్మారెడ్డి డ్రైవరు పుల్లయ్య ఏళ్ళ తరబడి ఆ కట్టె ముందు నిలబడ్డవాడు. చుట్టుపక్కల అతనంత ఆయిలు మిగిల్చేవాడు లేడని పేరు. తిమ్మారెడ్డికి అతనంటే ప్రాణం.

చివరికి నేను డీజిల్‌కు ఒప్పుకున్నాను, షరతులతో. ముందు స్ప్రింగులకు అదనపు పట్టీలు వేయాలి. బ్రేకు కడ్డీలు, లైనర్లు అన్నీ కొత్తవి కావాలి. నిండు బరువుతో ముద్దనూరు కనుమ ఎక్కి దిగిన తర్వాతే నా సిఫారసు. ఇంకొకటి, ఆ బండి వెనక ఇరుసులోని పళ్ళ లెక్క లారీది కాదు. లారీని మూడో గేరు పట్టి ఆపే చోట ఈ బండిని రెండోదే ఆపగలదు. అందుకని కనుమ మొదలు నుంచి ఆఖరు దాకా రెండో గేరులోనే దించాలి. ఇది కాగితం మీద రాసి వదిలేయకుండా పుల్లయ్యను పిలిపించి చెప్పాను, ఎందుకో కూడా చెప్పాను. అతను శ్రద్ధగా విన్నాడు. "అట్నే సారూ, రెండు దాటను" అన్నాడు. అతను అబద్ధం చెప్పలేదు.

ఖాదర్ ఆ బండిని కట్టిన తీరు చూడదగ్గది. ఇంజను కూర్చునే దిమ్మెలు కొత్తగా పోయించాడు. గేరుబాక్సు పొడవు ఎక్కువ కావడంతో వెనక్కి పోయే షాఫ్టును కోసి, అతికించి, వంకర లేదని తేలేదాకా నాలుగుసార్లు విప్పి బిగించాడు. తొట్టిలో రోగిని పడుకోబెట్టడానికి పట్టెమంచం కొలతకు చెక్కలు అమర్చాడు. షెడ్డులో లారీలవాళ్ళు తమ పని ఆలస్యమవుతోందని తిడుతుంటే, "మీ బండ్లు మోసేది రాళ్ళు గదప్పా, కొంచేపు ఆగినా ఏం గాదు" అనేవాడు. నేను క్యాంపుకు వచ్చినప్పుడల్లా కాసేపు అక్కడ నిలబడేవాడిని. నాకు ఆ మనిషి నచ్చాడు.

పరీక్ష రోజున ముద్దనూరు వైపు నుంచి కనుమ ఎక్కాం. రోగి, తోడు మనుషుల బరువుకు సరిపోయేలా తొట్టిలో ఇసుక బస్తాలు వేశాం. డీజిల్ ఎక్కడా వెనకాడలేదు. క్యాబిన్‌లో స్టీరింగు దగ్గర పుల్లయ్య, నడుమ తిమ్మారెడ్డి మోకాళ్ళ మధ్య కట్టె పెట్టుకుని కూర్చున్నాడు. నేను కిటికీ పక్కన. ఖాదర్ తొట్టిలో, చేతిలో చెక్క దిమ్మెతో. ఆ రోజుల్లో కొండదారిలో ప్రతి బండి వెనకా ఒక మనిషి ఇలాంటి దిమ్మెతో ఉండేవాడు. బండి ఆగకపోతే దూకి చక్రం కింద పెట్టడం అతని పని. క్లీనరు చేయాల్సిన ఆ పనికి ఆ పూట ఖాదర్ తనే నిలబడ్డాడు. తన బండి అని.

కనుమ నెత్తిన బండి ఆపించి పుల్లయ్యకు మళ్ళీ చెప్పాను. రెండో గేరు వేశాడు. దిగుతున్నంతసేపూ ఇంజను గట్టిగా అరుస్తూ బండిని పట్టి ఉంచింది. మలుపు తర్వాత మలుపు, ఎక్కడా బ్రేకు మీద బలం వేయాల్సిన పని లేకపోయింది. నేను మనసులో సిఫారసు వాక్యాలు కూర్చుకోవడం మొదలుపెట్టాను. పెద్ద మలుపులన్నీ అయిపోయి దారి తిన్నగా కనబడే చోటుకు వచ్చాం. అక్కడినుంచి దూరాన జమ్మలమడుగు వైపు పొలాలు కనిపిస్తాయి. కొండ అయిపోయిందని కంటికి అనిపిస్తుంది. నిజానికి అక్కడ దిగుడు ఇంకా ఉంది, చివర ఒక మోరీ, అంటే నీళ్ళు పోయే చిన్న వంతెన, దాని మీద మలుపు.

ఆ చోటులో పుల్లయ్య ఎడమ చెయ్యి గేరు కడ్డీ మీదికి పోయి దాన్ని బయటికి లాగింది. ఎవరూ ఏమీ అనలేదు. తిమ్మారెడ్డి కట్టె కదపను కూడా లేదు. లారీలో ఏళ్ళుగా ఆ చోట ఆ చెయ్యి చేసే పని అది.

ఇంజను అరుపు ఆగిపోయింది. బండి ముందుకు దూకింది. "గేరు వెయ్!" అని నేను అరిచాను. పుల్లయ్య క్లచ్ తొక్కి కడ్డీని తోశాడు. రెండోది వేయబోతే పళ్ళు గీసుకున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. మూడోది వేయబోతే అదీ అంతే. బ్రేకు తొక్కాడు. కొత్త లైనర్ల నుంచి పొగ లేచింది. వేగం పెరగకుండా కాస్త ఆగిందే తప్ప తగ్గలేదు. వెనక ఖాదర్‌కు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఇంజను గొంతు మారడమే అతనికి చాలు.

దూకి, బండి పక్కన పరుగెత్తుతూ దిమ్మె విసిరాడు. చక్రం దాన్ని పక్కకు చిమ్మేసింది. మళ్ళీ ఏరుకుని పరుగెత్తాడు. ఈసారి విసరలేదు. చేత్తో పట్టుకుని చక్రం ముందుకు తోశాడు. దిమ్మె పట్టింది. బండి వెనకభాగం పక్కకు తిరిగి మోరీ గోడకు కొట్టుకుని ఆగింది. ఆ గోడకూ చక్రానికీ మధ్య ఖాదర్ తొడ ఉంది.

క్యాబిన్‌లో మా ముగ్గురికీ గీత కూడా పడలేదు. ఆ క్షణంలో పుల్లయ్యను కొట్టాలనిపించింది. కొట్టేవాడినే, గానీ అతను అప్పటికే గోడ దగ్గర మోకాళ్ళ మీద పడి బండిని ఒంటి భుజంతో ఎత్తాలని చూస్తున్నాడు.

ఖాదర్‌ను తీసి తొట్టిలో అతను అమర్చిన చెక్కల మీదే పడుకోబెట్టాం. ఇసుక బస్తాలు కొన్ని కిందికి దొర్లించి చోటు చేశాం. తిమ్మారెడ్డి పంచె చించి తొడ పైన బిగించి కట్టి, అతని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పుల్లయ్యను స్టీరింగు ముట్టనివ్వలేదు. నేను నడిపాను. మిగిలిన ఆ కాస్త దిగుడును రెండో గేరులో, నెమ్మదిగా దించాను. వెనక మనిషి రక్తం పోతుంటే ముందు నేను బండిని ఉద్దేశపూర్వకంగా నెమ్మదిగా నడపాలి. ఉద్యోగంలో నేను చేసిన పనుల్లో అంత కష్టమైనది ఇంకొకటి లేదు.

చదును నేల తగిలాక వేగం పెంచాను. వెనక అద్దం లేని కిటికీలోంచి ఖాదర్ మాట వినిపించింది. "ఇంజను మీద రాయగాకు సారూ. ఇంజను తప్పేం ల్యా."

ఆసుపత్రిలో కాలు తీసేశారు. అక్కడి సర్జను చేయగలిగినదంతా చేశాడు. ఖాదర్ రెండు రోజులు తేరుకున్నట్టే కనబడ్డాడు. పోలీసులు వస్తే, తనే దూకానని, ఎవరి తప్పూ లేదని వాంగ్మూలం ఇచ్చాడు. నా వాంగ్మూలంలో నేను చూసింది చూసినట్టు చెప్పాను. గేరు తీసింది డ్రైవరని, తీయమని ఎవరూ చెప్పలేదని. వాళ్ళు రెండూ చదివి ప్రమాదంగా ముగించారు.

నేను చూడడానికి వెళ్ళినప్పుడు ఖాదర్ ఒకటే అడిగాడు.

"బండి పాస్ చేస్తివా సారూ?"

ఇంకా లేదన్నాను. అలాంటి గేరుబాక్సును ఎలా పాస్ చేస్తానని కూడా అన్నాను. అతను మోచేతి మీద లేవబోయాడు.

"నువ్వు పాస్ చెయ్యకుంటే రెడ్డి దాన్ని మళ్ళా పాకలో ఏస్తాడు. మద్రాసుకు పోయొచ్చే దాకా ఎవురాగుతారు సారూ? ఈలోపల మావోళ్ళు ఉత్త చేతుల్తో గోతిలోకి దిగుతారు. దిగినాక ఇంగ బండిని ఎవురడుగుతారు?"

అతను చెప్పింది నిజం. పెట్రోలు ఇంజను పెడితే ఎక్కేటప్పుడు ఎండలో ఆగి రోగి పోవచ్చు. డీజిల్ పెడితే దిగేటప్పుడు అందరూ పోవచ్చు. ఏదీ పెట్టకపోతే మస్తాన్ పోయినట్టు పోతారు. ఏది ఎంచుకున్నా ఎక్కడో ఒకచోట చావు ఉంది. ఎక్కడ తక్కువ ఉందో చూడడమే నా పని. 

తర్వాత జ్వరం వచ్చింది. విషం రక్తంలోకి ఎక్కింది. వారం తిరగకుండా ఖాదర్ పోయాడు.

ఆ ఉదయం ఆసుపత్రి వరండాలో అతని తల్లి హుసేన్‌బీ కూర్చుని ఉంది. నేను ఎవరినో ఆమెకు చెప్పారు. ఏడవలేదు. నా మొహంలోకి చూసి అడిగింది.

"ఆ బండి ఉండింటే నా పెద్దోడు బతికేవాడంట. ఆ బండి ఉండబట్టి నా చిన్నోడు పాయ. సదువుకున్నోనివి గదా నాయనా, ఏది సరో నువ్వు చెప్పు."

 తలవంచుకుని నిలబడ్డాను. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ ప్రశ్న తలుచుకుంటే నాకు దుఃఖమే వస్తుంది గానీ జవాబు రాదు.

నా నివేదిక ఇంకా రాయలేదు. బండి షెడ్డు బయట వెనకభాగం సొట్టలతో నిలబడి ఉంది. తర్వాతి ప్రొద్దుటూరు క్యాంపులో పుల్లయ్య వచ్చాడు. లారీల వరస అయిపోయేదాకా దూరంగా నిలబడి, అందరూ వెళ్ళాక దగ్గరికి వచ్చాడు. మనిషి సగమయ్యాడు. లైసెన్సు తెచ్చి బల్ల మీద పెడతాడేమో అనుకున్నాను. నేనైతే అదే చేసేవాడిని.

"బండి పాస్ చెయ్ సారూ" అన్నాడు. "నన్ను తోలొద్దంటే తోలను. కానీ ఎవుర్ని పెడతావు? యాడ ఎతికినా ఇట్లాంటి చెయ్యే దొరుకుతాది. అందరం ఒకే కట్టె ముందర నేర్చుకున్నోళ్ళమే."

మరి ఏం చేయమంటావని కోపంగానే అడిగాను. నీకు రెండుసార్లు చెప్పాను కదా అన్నాను.

"చెప్పినావు సారూ. బుద్ధికి తెలుసు. చేతికి తెలీదు." ఎడమ చెయ్యి చాపి నా ముందు పెట్టాడు. "దీన్ని కట్టెయ్ సారూ."

అతని మీద కోపం ఆ మాటతో పోయిందని చెప్పలేను. అయితే పని ఎలా చేయాలో ఆ మాటతోనే తెలిసింది. అరిగిపోయిన గేరుబాక్సుల్లో గేరు దానంతట అది బయటికి రాకుండా డ్రైవర్లు కడ్డీకి తాడు కట్టడం నేను చూశాను. షెడ్డులో కూర్చుని ఒక ఇనుప కొండీ చేయించాం. రెండో గేరు వేశాక అది కడ్డీ మీదికి పడి పట్టుకుంటుంది. తాడులా ఎడమ చేత్తో తప్పించడానికి వీలుండకూడదు. అందుకని డ్రైవరు కుడిచేత్తో మాత్రమే ఎత్తగలిగేలా బిగించాం. దిగుడులో కుడిచెయ్యి స్టీరింగు వదలదు. కనుమ నెత్తిన బండి ఆపి కొండీ వేయాలి, కిందికి దిగి ఆపిన తర్వాతే తీయాలి. చట్టంలో ఇలాంటి ఏర్పాటు మాటే లేదు. మా అధికారికి దీన్ని వివరిస్తూ పేజీలు రాశాను. ఆయన ఒక్క ప్రశ్న అడిగాడు, మళ్ళీ పరీక్షించారా అని.

బ్రేకులు విప్పి బిగించి, సొట్టలు తీయించి, మళ్ళీ ఇసుక బస్తాలు వేశాం. ఈసారి తొట్టిలో మనిషి ఉండకూడదని నా ఉత్తరువు. తిమ్మారెడ్డి కనుమ కింద, మోరీ దగ్గర నిలబడ్డాడు. చేతిలో కట్టె లేదు. ఎక్కడ పెట్టాడో నేను అడగలేదు. బండిలో నేను, పుల్లయ్య.

నెత్తిన బండి ఆపి రెండో గేరు వేశాడు. కుడిచేత్తో కొండీ దించాడు. దిగడం మొదలైంది. నేను రోడ్డును చూడలేదు, అతని ఎడమ చేతినే చూస్తూ కూర్చున్నాను. తొడ మీద పెట్టుకున్నాడు. మలుపులన్నీ అయ్యాయి. దారి తిన్నగా అయింది, పొలాలు కనబడ్డాయి, మోరీ గోడ మీద రాలిన సున్నం కనబడింది. మోరీ దగ్గర తిమ్మారెడ్డి నిలబడి ఉన్నాడు. ఖాదర్ పోయి నెల కూడా కాలేదు.

ఆ చోటులోనే, ఆ ఎడమ చెయ్యి తొడ మీదినుంచి లేచి కడ్డీ మీదికి పోయి లాగింది. కొండీ తగిలి ఆగింది.

పుల్లయ్య తన చేతిని చూసుకున్నాడు. మోరీ దాటి, చదును మీద బండి ఆపి, కుడిచేత్తో కొండీ ఎత్తి, స్టీరింగు మీద తల పెట్టి పెద్దగా ఏడ్చాడు. నేను దిగి, ముందు చక్రం మీద చెయ్యి వేసి లైనర్లు కాలాయో లేదో చూశాను. కాలలేదు. ఆ సాయంత్రమే సిఫారసు రాసి సంతకం చేశాను.

ఆ బండి నేను జిల్లాలో ఉన్నంతకాలం గని దగ్గర నిలిచి ఉంది. ఎఫ్‌సీకి వచ్చినప్పుడల్లా నేను ఇంజనుకన్నా ముందు కొండీ చూసేవాడిని. తీసుకొచ్చిన రోగుల్లో కొందరు బతికారు, కొందరు బతకలేదు. కనుమలో మాత్రం ఎవరూ పోలేదు.

బండికి ఇంజను ఎంచుకునేటప్పుడు అందరూ అది ఎక్కగలదా అని చూస్తారు. గేరుబాక్సు ఎంచుకునేటప్పుడు అది దిగగలదా అని చూడాలి. ఈ రెండూ నేను ఆ ఉద్యోగంలోకి వచ్చేనాటికే చదువుకున్నాను. చదువుకోనిది మూడోది. కొత్త యంత్రం పాత చేతిలోకి వెళుతుంది, ఆ చెయ్యి చెబితే వినదు, చావును చూసినా వినదు. దాన్ని ఇనుముతో ఆపాలి. ఆ తర్వాత ఉద్యోగం ముగిసేదాకా, ఇంజను మార్చిన బండి ఏది పరీక్షకు వచ్చినా, బానెట్ ఎత్తమనేముందు నేను అడిగిన మొదటి ప్రశ్న ఒకటే. దీన్ని నడిపేవాడు ఇంతవరకు ఏ బండి నడిపాడు?